పెరటి తేనెటీగలు: గుంపును పట్టడం, నిలుపుకోవడం

ఆవును కట్టుకొయ్యకు కట్టవచ్చు; కోడిని గంప కింద మూయవచ్చు. తేనెటీగను మాత్రం కట్టి ఉంచే ఉపాయం ఇంతవరకు ఎవ్వరికీ చిక్కలేదు. పెట్టె ద్వారం నిత్యం తెరిచే ఉంటుంది. లోపలి గుంపు ఆ చోటు నచ్చినన్నాళ్ళు ఉంటుంది. నచ్చనినాడు రాణితో సహా లేచిపోతుంది. కనుక తేనెటీగల పెంపకం బంధించే విద్య కాదు. అవి వెళ్ళిపోవలసిన అవసరం కలగకుండా చూసే విద్య. గుంపును పట్టడం ఒక్కపూట పని. నిలుపుకోవడం ఏడాది పొడవునా సాగే పని. ఈ రెండవ దానిని ఏమరుస్తే మొదటిది వృథా.

నాలుగు రకాల ఈగలు

భారతదేశంలో తేనెనిచ్చే దేశవాళీ ఈగలు ముఖ్యంగా నాలుగు రకాలు. కొండచరియలకు, ఎత్తైన చెట్ల కొమ్మలకు, నీటి ట్యాంకుల అడుగు భాగాలకు ఒకే పెద్ద పెరను వేలాడగట్టేది కొండ తేనెటీగ. ఇది పరిమాణంలో పెద్దది, కోపం ఎక్కువ. దీనిని పెట్టెలో పెంచడం సాధ్యం కాదు. పొదలలో, చిన్న కొమ్మలకు అరచేయంత పెరను కట్టే చిన్న ఈగ రెండవది. ఇదీ వెలుతురులోనే నివసిస్తుంది, పెట్టెలో నిలువదు. గోడ పగుళ్ళలో, చెట్ల సందులలో మైనపు బంకతో చిన్న చిన్న కుండల వంటి గదులు కట్టే కుట్టని ఈగలు మూడవ రకం. వాటి తేనె స్వల్పం.

నాలుగవది తొర్ర తేనెటీగ. శాస్త్రజ్ఞులు దీనిని ఏపిస్ సెరానా అంటారు. చెట్ల తొర్రలలో, పాడుబడిన పుట్టలలో, గోడల గూళ్ళలో, చీకటిగా ఉన్న చోట ఒకదాని పక్కన ఒకటిగా అనేక పెరలు కట్టడం దీని స్వభావం. చీకటి తొర్రలో ఇమిడే ఈగ చీకటి పెట్టెలోనూ ఇముడుతుంది. పెరటి పెంపకానికి ఇదే ఆధారం.

కాశ్మీరు లోయ నుండి కన్యాకుమారి వరకు, మేఘాలయ కొండల నుండి శ్రీలంక వరకు ఈ ఒక్క జాతే వ్యాపించి ఉన్నది. అయితే అన్నిచోట్లా ఒకే తీరున ఉండదు. హిమాలయ ప్రాంతపు ఈగ ఒడ్డూపొడుగూ ఉన్నది, గుంపు పెద్దది. దక్షిణాది మైదానపు ఈగ చిన్నది, గుంపూ చిన్నదే. జాతి ఒకటే అయినా చలికి, ఎండకు, పూలకాలానికి తగినట్లు ప్రతి ప్రాంతంలోను తనదైన తీరు ఏర్పరచుకొన్నది. పెంపకందారు మొదట తెలుసుకోవలసిన సంగతి ఇదే.

గోడగూడు నుండి పెట్టె వరకు

పెట్టెలు రాకముందే ఈ దేశంలో ఇంటి ఈగలు ఉన్నవి. హిమాచల్, ఉత్తరాఖండ్ కొండ గ్రామాలలో ఇల్లు కట్టేటప్పుడే గోడలో ఒక గూడు వదలి, బయటివైపు చిన్న రంధ్రం, లోపలివైపు తీయడానికి వీలైన పలక అమర్చడం అలవాటు. కాశ్మీరులో మట్టి గొట్టాలను గోడలలో పొదిగేవారు. ఈశాన్య కొండలలో దుంగలను తొలిచి ఇంటి చూరు కింద ఉంచుతారు. దక్షిణాదిలో ఖాళీ కుండలను బోర్లించి ఈగలకు ఇల్లు చేసేవారు. ఈ పద్ధతులన్నింటిలో ఒకే లోపం ఉన్నది. తేనె తీయాలంటే పెరను కోయాలి; తేనెతోపాటు పిల్లపురుగులూ నశించేవి.

పెరను కోయకుండా తేనె తీసే మార్గం 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే మతాచార్యుని పరిశీలన వల్ల దొరికింది. ఈగలు తిరగడానికి పెరకూ పెరకూ మధ్య ఒక నిర్ణీతమైన సందు వదలుకొంటాయి. ఆ సందును పాటించి చెక్క చట్రాలు అమర్చితే వాటిని ఒకదానికొకటి అతికించవు. అప్పుడు చట్రాన్ని పైకి తీయవచ్చు, చూడవచ్చు, తిరిగి పెట్టవచ్చు. కాని ఐరోపా ఈగ కొలతలతో చేసిన పెట్టె దక్షిణాది చిన్న ఈగకు నప్పలేదు. 1911–1917 సంవత్సరాల మధ్య తమిళదేశంలో ఫాదర్ న్యూటన్ అనే క్రైస్తవ మతాచార్యుడు దేశవాళీ ఈగ కొలతలను అనుసరించి చిన్న పెట్టెను రూపొందించి, గ్రామీణులకు పెంపకం నేర్పాడు. నేటికీ దక్షిణాదిలో వాడుకలో ఉన్న న్యూటన్ పెట్టె అదే. కింద పిల్లలకు ఏడు చట్రాల గది, పైన తేనె నిలువకు మరొక గది, కింద పలక, పైన కప్పు – ఇంతే దాని నిర్మాణం.

1928లో వ్యవసాయ రాయల్ కమిషన్ ఈ పరిశ్రమను గ్రామాలకు ఉపవృత్తిగా సిఫారసు చేసింది. కన్యాకుమారి జిల్లాలోని మార్తాండం ఈ విద్యకు ప్రసిద్ధి చెందిన కేంద్రమైనది. స్వాతంత్ర్యానంతరం ఖాదీ గ్రామోద్యోగ సంస్థ ఈ బాధ్యతను చేపట్టగా, 1962లో పుణేలో కేంద్ర తేనెటీగల పరిశోధన సంస్థ ఏర్పడింది.

గుంపు ఎందుకు లేస్తుంది?

ఒక పట్టులో ఒక రాణి, కొన్నివేల కూలి ఈగలు, ఋతువును బట్టి కొన్ని వందల పోతు ఈగలు ఉంటాయి. పూలు పుష్కలంగా ఉన్న కాలంలో రాణి విరివిగా గుడ్లు పెడుతుంది, పట్టు కిక్కిరిసిపోతుంది. అప్పుడు కూలి ఈగలు పెరల అడుగు అంచున వేరుసెనగ కాయలను పోలిన గదులు కట్టి, వాటిలో కొత్త రాణులను పెంచడం మొదలుపెడతాయి. గుడ్డు నుండి రాణి వెలువడడానికి సుమారు 16 రోజులు. ఆ గదులకు మూతపడే వేళకు, ఎండకాచిన ఒకనాడు, పాత రాణి దాదాపు సగం ఈగలను వెంటబెట్టుకొని బయటకు వస్తుంది. కన్నతల్లి ఇల్లు విడిచి, కట్టిన ఇల్లు బిడ్డకు వదలిపెట్టడమే ఇక్కడి ధర్మం.

ఇది పట్టుకు సంతానం వంటిది. దీనిని మరొక రకమైన వలసతో పొరబడరాదు. పూలు కరవైనప్పుడు, ఎండ తాళలేనప్పుడు, చీమలో మైనపు పురుగులో పట్టును ఆక్రమించినప్పుడు, మాటిమాటికి పెట్టె తెరిచి కదిలించినప్పుడు గుంపు యావత్తు పెరలను వదలి వెళ్ళిపోతుంది. మొదటిది సమృద్ధి వల్ల జరిగేది. రెండవది కష్టం వల్ల జరిగేది. మొదటిదానిలో తల్లిపట్టు మిగులుతుంది. రెండవదానిలో ఖాళీ పెట్టె మిగులుతుంది. దేశవాళీ ఈగకు ఈ రెండు గుణాలూ ఎక్కువే.

విడిపోయే కాలం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఉత్తరాదిన అది వసంతం. కేరళ, కన్యాకుమారి ప్రాంతాలలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు గుంపులు పెరిగి విడిపోతాయి. జనవరి తరువాత రబ్బరు చెట్ల లేత ఆకులు ఊరే తీపి రసంతో తేనెకాలం వస్తుంది. ఏ ఊరి పూల పంచాంగం ఆ ఊరిదే. దానిని పెంపకందారు తానే రాసుకోవాలి.

ఇంటిని ఎంచుకొనే సభ

బయలుదేరిన గుంపు నేరుగా కొత్త ఇంటికి పోదు. దగ్గరలోని కొమ్మకు గుత్తిగా వేలాడి, కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు రోజులు ఆగుతుంది. ఆ వ్యవధిలో అనుభవం గల కొన్ని ఈగలు తొర్రలు వెదకడానికి నలుదిక్కులకు పోతాయి. తేనెటీగలు నాట్యంతో దిక్కును, దూరాన్ని తెలుపుకొంటాయని నిరూపించిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1973లో నోబెల్ బహుమతి అందుకొన్నాడు. ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ రెండవ ప్రపంచయుద్ధానంతరం మ్యూనిక్ నగరంలో గుంపులను పరిశీలిస్తూ, కొన్ని ఈగలు మసి, ఇటుక పొడి, పిండి అంటుకొన్న ఒళ్ళతో నాట్యమాడడం గమనించాడు. అవి పూల నుండి వచ్చినవి కావని, ఇళ్ళు వెదకి వచ్చినవని గ్రహించాడు. బాగున్న చోటు చూసిన ఈగ ఎక్కువసేపు ఆడుతుంది. మిగిలినవి వెళ్ళి ఆ చోటును స్వయంగా చూసి వస్తాయి. చివరకు దాదాపు అన్నీ ఒకే దిక్కును చూపినప్పుడు గుంపు లేస్తుంది. లిండావర్ 1950ల దశకంలో సింహళానికి వచ్చి, అక్కడి కొండ ఈగ, చిన్న ఈగ, తొర్ర ఈగల నాట్యాలను పోల్చి చూశాడు.

ఈ పరిశోధన పెంపకందారుకు పనికివచ్చే విషయం ఒకటి చెబుతున్నది. కొమ్మకు వేలాడుతున్న గుంపుకు ఇల్లు లేదు; కాని అది ఇల్లు వెదుకుతూనే ఉన్నది. తీర్మానం జరగకముందే మంచి ఇల్లు చూపినవానికి గుంపు దక్కుతుంది.

గుంపును పట్టే పద్ధతులు

మొదటి పద్ధతి ఎరకుండ. పాత మట్టికుండ లోపల కరగించిన తేనెమైనం రుద్ది, మూతిని పలకతో మూసి, వేలు దూరేంత రంధ్రం ఉంచాలి. విడిపోయే కాలానికి ముందే చెట్టునీడలో, మనిషి ఎత్తుకు పైన దానిని కట్టాలి. వానచినుకు లోపలికి పోకూడదు, చీమ ఎక్కకూడదు. ఈగలు ఇంతకుముందు నివసించిన పెట్టె అయితే మరీ మంచిది. పాత మైనపు వాసన వెదికే ఈగలకు ఆహ్వానం. గుంపు చేరిన సంగతి రంధ్రం వద్ద రాకపోకలను బట్టి తెలుస్తుంది. ఈగలు కాళ్ళకు పుప్పొడి ముద్దలతో వస్తూ ఉంటే లోపల రాణి గుడ్లు పెడుతున్నదని చాలావరకు నమ్మవచ్చు.

రెండవది కొమ్మకు వేలాడుతున్న గుంపును దింపడం. ఇంటి నుండి బయలుదేరేటప్పుడు ఈగలు కడుపునిండా తేనె తాగి వస్తాయి; కాపాడుకొనవలసిన పిల్లలు లేవు. అందువల్ల ఆ సమయంలో వాటి కోపం తక్కువ. అయినా ముఖానికి వల, చేతులకు నిండుగుడ్డ ఉండవలసిందే. గుత్తిపై సన్నగా నీరు చిలకరిస్తే ఈగలు ఎగరక దగ్గరగా ముడుచుకొంటాయి. పెట్టెనో బుట్టనో గుత్తి కిందికి తెచ్చి, కొమ్మను ఒక్కసారి గట్టిగా విదిలించాలి. చిన్నకొమ్మ అయితే మెల్లగా కోసి గుత్తితో సహా పెట్టెలోనికి దింపవచ్చు. రాణి లోపల పడినదా లేదా అన్నదే ప్రశ్న. పడినట్లయితే కూలి ఈగలు ద్వారం వద్ద తోక ఎత్తి రెక్కలాడిస్తూ తక్కినవాటిని పిలుస్తాయి. గాలిలోనివి ఒక్కొక్కటే లోపలికి నడుస్తాయి. పడకపోతే అన్నీ తిరిగి కొమ్మకే చేరుతాయి. అప్పుడు పని మళ్ళీ మొదలు. చీకటిపడే వరకు పెట్టెను అక్కడే ఉంచి, ఈగలన్నీ చేరిన తరువాత శాశ్వత స్థలానికి మార్చాలి.

మూడవది తొర్రలోనో గోడలోనో స్థిరపడిన పట్టును మార్చడం. ఇది కష్టమైన పని. కూల్చబోయే గోడ, నరకబోయే చెట్టు వంటి చోట్ల మాత్రమే దీనికి పూనుకోవాలి. కొబ్బరిపీచు పొగ కొద్దిగా పట్టి, పెరలను ఒక్కొక్కటిగా కోయాలి. పిల్లపురుగులున్న పెరలను చట్రం కొలతకు కత్తిరించి, అవి పట్టులో ఏ వైపు పైకి ఉన్నవో ఆ వైపే పైకి ఉండేటట్లు చట్రంలో నిలిపి, అరటినారతో కట్టాలి. రెండు మూడు రోజులలో ఈగలు పెరను చట్రానికి అతికించి, నారను తామే కొరికి పారవేస్తాయి. తేనె పెరలను వేరుగా తీయాలి. పెట్టెలో తేనె కారితే చీమలు, పొరుగు గుంపుల ఈగలు దోపిడికి వస్తాయి.

కొండ తేనెటీగల పట్టు జోలికి మాత్రం కొత్తవారు పోరాదు. ఏ ఈగ కుట్టినా ముల్లును గోటితో వెంటనే గీకి తీయాలి. ఊపిరాడకపోవడం, ఒళ్ళంతా దద్దురులు, కళ్ళు తిరగడం కనిపిస్తే క్షణం ఆలస్యం లేకుండా వైద్యశాలకు చేర్చాలి.

నిలుపుకొనే విధానం

కొత్త గుంపుకు పట్టుకొమ్మ పిల్లపెర. ఆరోగ్యవంతమైన మరొక పెట్టె నుండి పిల్లపురుగులున్న ఒక చట్రాన్ని తెచ్చి ఇస్తే, ఈగలు దానిని విడిచి పోవడానికి సాధారణంగా ఇష్టపడవు. రాణి దాటలేని సన్నని సందుల రేకును ద్వారానికి కొద్ది రోజులు అమర్చడం కూడా వాడుకే. అయితే మొదటి గుంపు పోయిన తరువాత అదే పట్టు నుండి వెలువడే చిన్న గుంపులలో జతకూడని కొత్త రాణి ఉంటుంది. ఆమె బయటకు ఎగిరితేనే పోతు ఈగలతో జతకూడగలదు. అటువంటి గుంపును రేకుతో మూసి ఉంచితే దానికి భవిష్యత్తు లేదు.

మొదటి వారం రోజులు పంచదార, నీరు సమపాళ్ళలో కలిపిన పానకాన్ని సాయంవేళ లోపల ఉంచాలి. పెరలు కట్టడానికి కావలసిన మైనం దానివల్ల ఊరుతుంది. పెట్టె స్టాండు కాళ్ళను నీళ్ళ గిన్నెలలో నిలిపితే చీమల బాధ ఉండదు. ద్వారం తూర్పుకో ఆగ్నేయానికో ఉండి, ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం నీడపడాలి. సమీపంలో తడి ఇసుకో, రాళ్ళు వేసిన నీటిపళ్ళెమో ఉండాలి. పెట్టె తెరవడం వారానికి ఒకసారికి మించకూడదు. ఈగలు కప్పలేని ఖాళీ పాత పెరలను తీసివేయాలి. మైనపు పురుగు చేరేది వాటిలోనే. అన్నింటికన్న ముఖ్యం, తేనె తీసేటప్పుడు పైగది వరకే తీయాలి. కింది గదిలోని తేనె ఈగల వానాకాలపు గాదె. దానిని కొల్లగొట్టిన ఇంట గుంపు నిలువదు.

1991 నేర్పిన పాఠం

ఈ జాగ్రత్తలు తేనె కోసమే అనుకోరాదు. 1978లో ఈశాన్య భారతంలో కనిపించిన థాయి శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు క్రమంగా వ్యాపించి, 1991–92 సంవత్సరాలలో దక్షిణాదిని ముంచెత్తింది. ఆ తెగులు సోకిన పిల్లపురుగు గదిలో తల పైకెత్తి చనిపోయి, నీరు నిండిన సంచివలె మారుతుంది. దానికి మందు లేదు. కేరళ, తమిళనాడు, కర్ణాటక రాష్ట్రాలలో పెట్టెలలోని దేశవాళీ గుంపులలో అత్యధిక భాగం తుడిచిపెట్టుకుపోయినవి. తరతరాలుగా ఈ వృత్తిని నమ్ముకొన్న కుటుంబాలు ఖాళీ పెట్టెల ముందు నిలిచినవి.

ఆనాడు ఎదుట కనిపించిన దారులు రెండు. ఒకటి, ఉత్తరాదిలో 1960ల దశకంలో నిలదొక్కుకొన్న ఐరోపా ఈగను తెచ్చుకోవడం. దిగుబడిలో అది దేశవాళీ ఈగను మించినది. ఈ తెగులుకు లొంగదు. కాని దానికి పూలున్న చోటల్లా పెట్టెలను తిప్పగల స్తోమత కావాలి. వరోవా అనే పేనుపురుగుకు అది సులభంగా లొంగుతుంది. ఆ పేనుతో చిరకాలంగా సహజీవనం చేసిన తొర్ర ఈగ దానిని ఒంటిపై నుండి ఏరి పారవేయగలదు. రెండవ దారి, తెగులును తట్టుకొని బతికిన గుంపులను వెదకడం. పెట్టెలు ఖాళీ అయిన చోట సైతం తొర్రలలో, పుట్టలలో అక్కడక్కడ కొన్ని పట్టులు మిగిలినవి. అటువంటి గుంపులను పట్టి, వాటి సంతానాన్నే విడదీసి పెంచుతూ పెంపకందారులు ఏళ్ళ తరబడి శ్రమించి దేశవాళీ ఈగను తిరిగి నిలబెట్టారు. మార్తాండం తేనె 2023లో భౌగోళిక గుర్తింపు పొందినదంటే, దాని వెనుక ఈ ఓపిక కూడా ఉన్నది.

పాఠం స్పష్టం. పెట్టెలో పోయినది తొర్రలో మిగిలితేనే తిరిగి లభిస్తుంది. కనుక పట్టును పొగబెట్టి తగులబెట్టడం తేనె నష్టంతో తీరే తప్పు కాదు, విత్తనాన్ని కాల్చడం. అలాగే దూరప్రాంతం నుండి గుంపులను కొనితెచ్చుకొంటే అక్కడి తెగులు వెంట రావచ్చు. ఆ ఈగకు ఇక్కడి ఋతువు పడకపోవచ్చు. సొంత ఊరి గాలికి, వానకు తట్టుకొన్న గుంపు పక్కింటి చెట్టుపై వేలాడుతూ ఉండగా దూరం పోనవసరం లేదు.

పంటకు బంధువు

విశాఖ మన్యంలో అరకు, పాడేరు ప్రాంతాలలో నవంబరు మాసానికి వలిసె చేలు పసుపుపచ్చగా విరబూస్తాయి. వలిసె పువ్వు తన పుప్పొడితో తాను దాదాపు గింజ కట్టదు; మరొక మొక్క పుప్పొడిని ఈగ మోసుకొని రావలసిందే. పొద్దుతిరుగుడు, ఆవ, ధనియాలు, గుమ్మడి, దోస, కేరళ కొండలలోని ఏలకులు – ఇవన్నీ ఈగలకు ఋణపడిన పంటలే. పెట్టె నుండి ఏడాదికి లభించే కొద్ది కిలోల తేనె ఇంటికి అందే లాభం. చుట్టూ చేలలో గట్టిపడే గింజ ఊరంతటికీ అందే లాభం.

ఆ ఊరి చేలలోనే ఈగకు ప్రమాదమూ ఉన్నది. పూతమీద ఉన్న పైరుపై పట్టపగలు పురుగుమందు చల్లితే, ఉదయం వెళ్ళిన ఈగలు సాయంత్రానికి తిరిగి రావు. తప్పనిసరి అయితే ఈగలు గూటికి చేరిన సాయంవేళ చల్లాలి; ముందుగా పొరుగు పెంపకందారుకు చెప్పాలి. ఒక్క ఇంటివారు ఎంత శ్రద్ధ వహించినా, ఈగ మేసేది పదిమంది చేలలో. 2020లో కేంద్ర ప్రభుత్వం 500 కోట్ల రూపాయలతో జాతీయ తేనెటీగల పెంపకం, తేనె పథకాన్ని ప్రకటించింది. శిక్షణ, పెట్టెలు, పరీక్షాశాలలు ప్రభుత్వం సమకూర్చగలదు. పొరుగువారి మధ్య ఆ ఒక్క మాట మాత్రం ఊరే సమకూర్చుకోవాలి.

గుంపు విడిపోయినప్పుడు తల్లిపట్టు తొర్రలోనే మిగులుతుంది. విడిగుంపును పెట్టెకు తెచ్చుకొని, ఆ తొర్రను కదిలించక వదలివేస్తే వచ్చే పూలకాలానికి అక్కడి నుండి మరొక గుంపు లేస్తుంది. పెరటిలో పెట్టె, ఊరిలో తొర్ర – రెండూ నిండి ఉన్నప్పుడే పెంపకం సఫలమైనట్లు.